కవరు ఊరికే రాదు: అసలు ఖర్చు లెక్కగట్టి తగ్గించుకునే పద్ధతి

షాపులో సరుకుతో పాటు ఇచ్చే కవరుకు విడిగా డబ్బులు అడగకపోతే అది ఊరికే వచ్చిందనుకుంటాం. దాని ధర సరుకుల ధరలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. ఇంటి నుంచి సంచి పట్టుకెళ్లినవాళ్లూ ఆ ధర కడతారు, పది కవర్లు అడిగి తీసుకున్నవాళ్లూ అంతే కడతారు. ఇది చిన్న ఖర్చు. పెద్దది ఆ తర్వాత మొదలవుతుంది: కాలువలో అడ్డుపడ్డ కవర్లు తీసే మనిషి కూలీ, చెత్త బండి డీజిలు, డంపింగ్ యార్డులో చోటు, వాన నీళ్లు ఎదురుతన్ని ఇంట్లోకొస్తే తడిసిన సామాను. ఇందులో ఏదీ షాపు బిల్లులో కనపడదు. కొంత పన్నుల్లోంచి పోతుంది, కొంత పల్లపు వీధుల్లో ఉండేవాళ్ల ఇళ్లలోంచి పోతుంది.

ఈ లెక్క తీయాలంటే రెండు పద్దులు విడివిడిగా రాసుకోవాలి. ఒకటి తయారీ పద్దు: ముడిసరుకు, కరెంటు, నీళ్లు, రవాణా, వీటన్నిటివల్ల గాల్లో కలిసే కార్బన్. రెండోది పారేత పద్దు: పారేశాక ఆ సంచి ఎక్కడికి పోతుంది, ఎవరి పని పెంచుతుంది, ఎన్నేళ్లు అక్కడే పడి ఉంటుంది. పల్చటి ప్లాస్టిక్ కవరు మొదటి పద్దులో సులువుగా గట్టెక్కుతుంది, ఎందుకంటే ఆరేడు గ్రాముల బరువుకు పట్టే ముడిసరుకు చాలా తక్కువ. రెండో పద్దులో మునిగిపోతుంది, అదీ ఆ తేలికదనం వల్లే. "నిజానికి గుడ్డసంచే పర్యావరణానికి చేటు" అని ఫార్వర్డ్ అయ్యే మెసేజీలు మొదటి పద్దు మాత్రమే చూస్తాయి. "గుడ్డసంచి కొనేస్తే సరి" అనేవాళ్లు రెండోది మాత్రమే చూస్తారు. రెండూ సగం లెక్కలే.

1. ముందు ఇంట్లో లెక్కపెట్టండి

నెల కాదు, సరిగ్గా 28 రోజులు. నెల అంటే ఒకసారి నాలుగు ఆదివారాలు పడతాయి, ఒకసారి ఐదు. తర్వాత పోల్చడానికి కుదరదు. దీనికి ముందు ఒక వారం ఊరికే రాయండి, ఆ వారం అంకెలు కొట్టేయండి. లెక్క రాస్తున్నామన్న ధ్యాస కొత్తగా ఉన్నప్పుడు కవర్లు వాటంతటవే తగ్గుతాయి, ఆ వారాన్ని నమ్మకూడదు.

తలుపు పక్కన ఒక కొక్కెం, దానికి ఒక పెద్ద సంచి, పక్కనే పెన్సిలు కట్టిన కాగితం చాలు. ఇంట్లోకి వచ్చిన ప్రతి కవరుకూ ఒక గీత. కాగితం మీద మూడు వరసలు పెట్టండి: చేతిపిడి ఉన్నవి, రోల్ నుంచి చింపి ఇచ్చే పిడి లేని పల్చటివి, డెలివరీలో ఇంటికి వచ్చినవి. కంపెనీ సీలు వేసిన ప్యాకెట్లు ఇందులో రాయొద్దు. అవీ చెత్తే, కానీ సంచి పట్టుకెళ్లినంత మాత్రాన తప్పేవి కావు. అసలు అక్కర్లేకుండానే వచ్చినవాటి గీత చుట్టూ సున్నా చుట్టండి: కవరులో ఇంకో కవరు, ఒక్క సబ్బుకు ఒక కవరు, అప్పటికే డబ్బాలో ఉన్న వస్తువుకు కవరు. చాలా ఇళ్లలో ముందుగా తగ్గేవి ఇవే, ఏ సంచీ కుట్టక్కర్లేకుండా.

లెక్క తప్పేది సాధారణంగా రాసే మనిషి ఒక్కరే కావడం వల్ల. పని నుంచి వస్తూ దారిలో ఏదో తెచ్చినవాళ్లు కవరును తిన్నగా చెత్తబుట్టలో వేసేస్తారు. అందుకే కాగితం వంటింట్లో కాదు, తలుపు దగ్గర ఉండాలి.

చివరి రోజు మూడు రకాలనూ విడిగా, ఒక్కో రకం మొత్తం కలిపి తూయండి. వంటింటి తూకం గ్రాము కంటే తక్కువ పట్టుకోదు; రెండు గ్రాముల రోల్ కవరును ఒక్కదాన్నే పెడితే అది ఒకటీ చూపొచ్చు, మూడూ చూపొచ్చు. యాభై కలిపి పెట్టి యాభైతో భాగించండి.

బరువు ఎందుకంటే, పాత సామాను వ్యవహారం అంతా కిలోల్లో నడుస్తుంది. ఆరు గ్రాముల కవర్లు కిలో కావాలంటే సుమారు 165 కావాలి. పాతిక గ్రాముల నీళ్ల సీసాలైతే 40 చాలు. చెత్త ఏరుకుని బతికే మనిషి ఒక కిలోకు 165 సార్లు నడుం వంచాలి, అదీ మట్టీ తడీ అంటి ధర సగమైన సరుకు కోసం. సీసా తీసుకుని కవరును అక్కడే వదిలేయడం వాళ్ల నిర్లక్ష్యం కాదు, లెక్క తెలిసిన పని.

2. చేతిలో ఉన్నది ఏ సంచి?

మందం కొలవడానికి మైక్రోమీటరు లేకపోయినా ఫర్వాలేదు. స్కేలు, కత్తెర, వంటింటి తూకం ఉంటే చాలు.

ఒకే షాపు నుంచి వచ్చిన ఒకే రకం కవర్లు పది తీసుకోండి. అచ్చు బొమ్మలు లేని చోట, కుట్టు అంచులు తగలకుండా, రెండు పొరలూ కలిపి 10 × 10 సెం.మీ. చదరపు ముక్క కత్తిరించండి. పది కవర్లకు 20 ముక్కలు వస్తాయి. అన్నీ కలిపి తూచి, వచ్చిన గ్రాములను 5.3తో గుణిస్తే మందం మైక్రాన్లలో వస్తుంది; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. (20 ముక్కల వైశాల్యం 2,000 చ.సెం.మీ., పాలిథీన్ సాంద్రత సుమారు 0.95, మిగతాది భాగహారమే.) ముక్కలన్నీ కలిపి 4 గ్రాములు కూడా తూగకపోతే అది 20 మైక్రాన్ల సరుకు. 75 మైక్రాన్లయితే 14 గ్రాములు దాటాలి, 120 అయితే దాదాపు 23 గ్రాములు ఉండాలి. భారతదేశంలో కవరు కనీస మందం నిబంధన 50 మైక్రాన్ల నుంచి 2021 సెప్టెంబరులో 75కీ, 2022 డిసెంబరు ఆఖరున 120కీ పెరిగింది. కవరు మీద అచ్చువేసిన అంకె నిజమో కాదో ఈ తూకం పది నిమిషాల్లో చెప్పేస్తుంది.

ఒక చిక్కుంది. కొందరు తయారీదారులు ఖర్చు తగ్గించుకోవడానికి ప్లాస్టిక్‌లో సుద్దపొడి కలుపుతారు. సుద్ద బరువు, కాబట్టి పల్చటి కవరు కూడా మందమైనదానిలా తూగుతుంది. అనుమానం వస్తే నీళ్ల పరీక్ష చేయండి. గిన్నెడు నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, ముక్కను లోపలికి నొక్కి, వేళ్లతో నలిపి గాలి బుడగలు పోగొట్టి వదలండి. శుద్ధమైన పాలిథీన్, పాలీప్రొపిలీన్ రెండూ పైకి తేలతాయి. అడుగుకు పోయిందంటే సుద్ద బాగా కలిసి ఉండాలి, లేదా అది పీవీసీ లాంటి వేరే ప్లాస్టిక్ కావాలి. సబ్బు వేయకపోతే బుడగలు అంటుకుని మునగాల్సింది కూడా తేలుతుంది. ఈ పరీక్షలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. కాల్చి చూడటం మాత్రం వద్దు. పీవీసీ అయితే ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, డయాక్సిన్లనే విషపదార్థాలు ఉంటాయి.

గుడ్డలా కనపడే రంగురంగుల సంచులు గుడ్డవి కావు. భూతద్దం అక్కర్లేదు, వెలుతురుకు ఎత్తి చూడండి: పడుగూ పేకా కనపడవు, వరసగా చిన్న చిన్న చుక్కలో, డైమండ్ గుర్తులో నొక్కినట్టు ఉంటాయి. అది నాన్‌వోవెన్ పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్ పోగులను వేడితో అతికించిన పొర. చాలాసార్లు వాడితే మంచిదే. ఎండలో వదిలేస్తే పెళుసై, పట్టుకుంటే పొడిగా రాలుతుంది, ఆ పొడి ఏరడం ఎవరి తరమూ కాదు.

"బయోడిగ్రేడబుల్" అన్న ముద్రను చూసి సంతోషపడకండి. ఇంగ్లాండులోని ప్లిమత్ యూనివర్సిటీ పరిశోధకులు కొన్ని రకాల కవర్లను మట్టిలో, సముద్రపు నీళ్లలో, ఆరుబయట గాల్లో ఉంచి చూసి 2019లో ఫలితం ప్రకటించారు. మట్టిలో, సముద్రంలో మూడేళ్లున్న "బయోడిగ్రేడబుల్" కవరు అప్పటికీ సరుకులు మోయగలిగింది. "కంపోస్టబుల్" అన్నది వేరే మాట, దానికి ప్రమాణాలున్నాయి. కానీ ఆ పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకున్నది. కాలువలో ఆ వేడి ఉండదు. ప్లాస్టిక్‌లో రసాయనం కలిపి ముక్కలయ్యేలా చేసే ఆక్సో రకాన్నయితే ఐరోపా సమాఖ్య 2021 జులై నుంచి అమ్మకానికే నిషేధించింది: ముక్కలవుతుంది, మాయం కాదు.

3. పారేత పద్దు: కాలువ దగ్గర లెక్క

వీధి కాలువ మీద జాలీ ఒకదాన్ని కొలవండి. 60 సెం.మీ. పొడవు, 40 వెడల్పు అనుకుందాం: 2,400 చ.సెం.మీ. మామూలు చేతిపిడి కవరు పరిస్తే 50 × 30, అంటే 1,500. రెండు కవర్లు జాలీ మొత్తాన్ని మూసేస్తాయి. ఆకులు, పుల్లలు అడ్డుపడితే సందుల్లోంచి నీళ్లు కొంతైనా దిగుతాయి. కవరు అలా కాదు. నీటి ఒత్తిడే దాన్ని జాలీకి అదిమి పెడుతుంది, పైన నీళ్లు పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. పన్నెండు గ్రాముల ప్లాస్టిక్ వీధి మొత్తాన్ని ముంచగలదు. తడి చెత్త మూటగట్టి విసిరిన కవర్లది ఇంకో తరహా: అవి తేలవు, పోయి తూము మూతి దగ్గర కూర్చుంటాయి, వాటి వెనకాల ఇసుక పేరుకుంటుంది.

ఈ ఖర్చు లెక్కగట్టేవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు, తీసిన పూడికను తూచి అందులో ప్లాస్టిక్ ఎంత శాతమో చూడటం. పది లీటర్ల బకెట్టు తడి పూడిక 15 కిలోలు తూగిందనుకోండి. అందులో ఇరవై కవర్లున్నా వాటి అసలు బరువు 120 గ్రాములు, ఒక్క శాతం కూడా కాదు. "ప్లాస్టిక్ ఒక్క శాతమే, సమస్య మట్టిదే" అన్న నివేదిక ఇలాగే పుడుతుంది. దీనికి విరుగుడుగా కవర్లను బురదతో సహా తూస్తే అంకె అమాంతం పెరుగుతుంది, అదీ అబద్ధమే. అడ్డుపడేది బరువు కాదు, వైశాల్యం. కాబట్టి బరువు వదిలేసి, అడ్డంకులను లెక్కపెట్టండి.

ఎలాగంటే, మీ వీధిలోనో కాలనీలోనో కాలువ బాగుచేసే పారిశుద్ధ్య కార్మికులతో మాట్లాడి, వరసగా ఇరవై సార్లు అడ్డం తీసినప్పుడు జాలీకో తూముకో ముందు అంటుకుని ఉన్న పొర ఏమిటో రాయించండి: ప్లాస్టిక్ పొర, గుడ్డ, కొమ్మలు, ఒట్టి మట్టి. మొదటి పొరే ముఖ్యం, మిగతాదంతా దాని వెనకాల చేరినదే. ఇరవైలో తొమ్మిదింటికి ప్లాస్టిక్ పొర కారణమైతే, ఏడాదికి అడ్డాలు తీయడానికి పట్టిన పనిగంటలు 600 అయితే, కవర్ల వాటా 270 గంటలు. దాన్ని గంట కూలీతో గుణించి, బండి కిరాయి వాటా కలిపి, ఆ కాలువ మీద ఆధారపడ్డ ఇళ్ల సంఖ్యతో భాగించండి. ఇంటికి ఎంత పడుతోందో వస్తుంది. ఈ అంకెలు ఉదాహరణకే, మీవి మీరే రాసుకోవాలి.

మీరు స్వయంగా మ్యాన్‌హోల్లోకి తొంగిచూడటం, దిగడం ససేమిరా వద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పేరుకుని ఉండొచ్చు. మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి నిమిషాల్లో పడిపోతాడు. పైన తీసి పెట్టినదాన్నే చూడండి, అదీ చేతికి గ్లౌజు, కాలికి బూటు ఉంటేనే.

ముంపు నష్టం మొత్తాన్ని కవర్ల మీదికి తోసేయకండి. ఇరుకు కాలువలు, పూడ్చేసిన చెరువులు, విపరీతమైన వాన కూడా కారణాలే. అలాగని చిన్నది కాదు: 1988, 1998 వరదల్లో కాలువలు పూడుకుపోవడంలో పల్చటి కవర్ల పాత్ర ఎంతో తేలాకే బంగ్లాదేశ్ 2002లో వాటిని నిషేధించింది, దేశవ్యాప్తంగా ఆ పని చేసిన మొదటి దేశం అదే.

పద్దులో రాయాల్సినవి మరో రెండున్నాయి. చెత్త వేరుచేసే యంత్రాల్లో తిరిగే ఇరుసులుంటాయి, కవరు వాటికి జుట్టులా చుట్టుకుంటుంది. యంత్రం ఆపి, మనిషి లోపలికి దిగి కత్తితో కోసి లాగాలి. మీ ఊరి కేంద్రంలో రోజుకు ఎంతసేపు ఇందుకు ఆపుతున్నారో అడగండి, ఆ సమయమంతా పద్దులోకే. ఇక మేసే పశువులు: కూరల తొక్కలున్న కవరును ముడి విప్పకుండానే మింగేస్తాయి. అది పెద్దపొట్టలోంచి ముందుకు కదలదు, వెనక్కి నెమరుకూ రాదు, ఉండచుట్టుకుని పెరుగుతుంది. ఆకలి చచ్చి పశువు చిక్కిపోతుంది, ఆపరేషన్ చేసి తీయడమే దారి. పశువైద్యుడి దగ్గర ఏడాదికి ఇలాంటివి ఎన్నో అడిగితే చెబుతారు.

4. తయారీ పద్దు: ఎన్నిసార్లు వాడితే గిట్టుబాటు?

బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ వాడదగ్గది. మళ్లీ వాడకుండా పారేసే పల్చటి కవరుతో వాతావరణ భారం సమానం కావాలంటే కాగితం సంచిని 3 సార్లు, మందపాటి ప్లాస్టిక్ సంచిని 4 సార్లు, నాన్‌వోవెన్ సంచిని 11 సార్లు, కొత్త నూలు సంచిని 131 సార్లు వాడాలి. పారేసిన కవరు రోడ్డు మీద చేసే నష్టం ఆ లెక్కలో లేదు; అది రెండో పద్దు.

131 అంటే వారానికి రెండుసార్లు బజారుకు వెళ్తే పదిహేను నెలలు. గట్టి సంచికి ఇది కష్టమేం కాదు. అసలు ఇబ్బంది సంచుల సంఖ్యతో వస్తుంది. ఒకేసారి ఒక్కటి పట్టుకెళ్లే ఇంట్లో ఐదు కొత్త నూలు సంచులుంటే ఐదు 131లు, 655 సార్లు, ఆరేళ్ల పైమాట. సభల్లో, పెళ్లిళ్లలో, ప్రచారాల్లో పంచే సంచులు పర్యావరణానికి చేసే మేలు ఈ ఒక్క గుణకారంతో తేలిపోతుంది.

నెట్‌లో 7,000 పైచిలుకు అనే అంకె కూడా కనపడుతుంది. డెన్మార్కు ప్రభుత్వ సంస్థ 2018 నివేదికలోది. అక్కడా వాతావరణం వరకే చూస్తే నూలు సంచికి వచ్చింది 52. ఓజోన్ పొర వంటి ఇతర కొలమానాలన్నిటిలోనూ గట్టెక్కాలంటేనే 7,100 అయింది. రెండూ ఒకే నివేదికలోని అంకెలు, అడిగిన ప్రశ్నలు వేరు.

అయితే ఈ భారమంతా కొత్త పత్తి పండించి, వడికి, నేసి, రంగువేసినందుకు. పాత దుప్పటి, పాత ప్యాంటు కోసి కుడితే దారం, కాస్త కరెంటు తప్ప కొత్త ఖర్చేదీ పద్దులోకి రాదు. గిట్టుబాటుకు నెలలు అక్కర్లేదు. అందుకే కొనమని చెప్పం, కుట్టుకోమంటాం.

5. పాత దుప్పటితో సంచి

తయారయ్యాక 36 సెం.మీ. వెడల్పు, 40 ఎత్తు, అడుగున 10 సెం.మీ. లోతు ఉండే సంచికి కొలతలివి. ఒకే ముక్క: 49 × 98 సెం.మీ. చేతిపిడికి రెండు పట్టీలు: ఒక్కోటి 10 సెం.మీ. వెడల్పు, 46 పొడవు. గుడ్డ ఎన్నుకునేటప్పుడు దుప్పటి మధ్య భాగం వదిలేయండి, పడుకుని పడుకుని అరిగేది అక్కడే. అంచుల వైపు గట్టిగా ఉంటుంది. గుడ్డను వేళ్లతో రెండు వైపులా బలంగా లాగితే చిరుగుతున్న చప్పుడొస్తే అది తుడుపు గుడ్డకే పనికొస్తుంది.

పట్టీని పొడవునా సగానికి మడిచి విప్పండి, రెండు అంచులనూ ఆ మడత గీతకు చేర్చి మళ్లీ మడవండి. నాలుగు పొరల, 2.5 సెం.మీ. పట్టీ అవుతుంది. రెండంచుల మీదా కుట్టు వేయండి.

పెద్ద ముక్కను మంచి వైపులు లోపలికి వచ్చేలా సగానికి మడిస్తే 49 × 49 అవుతుంది, మడతే అడుగు. రెండు పక్కలా 1.5 సెం.మీ. వదిలి కుట్టండి, అంచులు పోగులు లేవకుండా దాని మీద జిగ్‌జాగ్ కానీ ఓవర్‌లాక్ కానీ చేయించండి. అడుగు మూలలను ఒక్కోదాన్ని లాగి, పక్క కుట్టు మధ్యకొచ్చేలా త్రికోణంగా పరచండి. కొన నుంచి 5 సెం.మీ. దూరంలో అడ్డంగా కుడితే ఆ గీత పొడవు సరిగ్గా 10 వస్తుంది. ఇదే అడుగు లోతు. ఇది లేకపోతే సంచి నిలబడదు, డబ్బాలు ఒరిగిపోతాయి.

పై అంచును ముందు 1 సెం.మీ., తర్వాత 3 సెం.మీ. మడవండి. పట్టీ కొనలను పక్క కుట్టు నుంచి 14 సెం.మీ. దూరంలో ఆ మడతలోకి దూర్చి, చుట్టూ కుట్టాక, పట్టీని పైకి తిప్పి, అది మడతను తాకే చోట చిన్న చదరం, చదరంలో మూల నుంచి మూలకు రెండు గీతలు కుట్టండి. సంచులు తెగేది ఎక్కువసార్లు గుడ్డ చిరిగి కాదు, పట్టీ ఊడి. ఒకే గీతలో కుడితే బరువంతా ఆ గీత చివరి పోగు మీద పడుతుంది, అది తెగాక మిగతావి జిప్పులా వరసగా విడిపోతాయి. చదరం ఆ బరువును నాలుగు వైపులకూ పంచుతుంది. దారం పాలిస్టర్‌ది వాడండి, నూలు దారం తడికి నానీ ఆరీ ముందు చివికిపోయేది అదే. జీన్స్ గుడ్డయితే 16వ నంబరు సూది లేకుండా మొదలుపెట్టొద్దు.

పట్టీ పొడవు మీద ఒక మాట. చేత్తో పట్టుకోవడానికి పైన బయటికి కనపడేది 40 సెం.మీ. చాలు. భుజానికి వేసుకోవాలని 60 పెడితే, చేత్తో పట్టుకున్నప్పుడు సంచి అడుగు చెయ్యి కింద దాదాపు 70 సెం.మీ. వేలాడుతుంది, పొట్టిగా ఉన్నవాళ్లకు నేలకు రాసుకుని నెల తిరిగేసరికి అడుగు చిల్లిపడుతుంది. ఇంట్లో ఎవరు మోస్తారో చూసి కోయండి.

6. మర్చిపోకుండా ఉండటం

సంచి కుట్టడం సులువు, వెంట ఉండటమే కష్టం. సంచి వంటింట్లో ఉన్నంతకాలం మర్చిపోతూనే ఉంటారు. సరుకులు సర్దేసిన వెంటనే అది బండి తాళం పక్కకో చెప్పుల స్టాండు మీదికో పోవాలి. ఇంకా మర్చిపోతుంటే తాళంచెవిని సంచిలోనే పెట్టండి. అనుకోకుండా కొనే సందర్భాలకు పిడికిట్లో పట్టే పల్చటి నైలాన్ సంచి ఒకటి ఆఫీసు బ్యాగులో ఉంచుకోండి. రోల్ కవర్లకు బదులు పాత వోణీ, పాత దోమతెర ముక్కతో నాలుగు చిన్న తాడుసంచులు చాలు. లోపలున్నది బయటికి కనపడాలి, లేకపోతే కౌంటరు దగ్గర విప్పి చూపించాల్సొస్తుంది.

పచ్చి మాంసం, చేపలకు మూత డబ్బా పట్టుకెళ్లండి, గుడ్డసంచిలో వద్దు. మిగతా సంచులను తిరగేసి సబ్బుతో ఉతికి, మూలలు కూడా పూర్తిగా ఆరాకే మడవండి. మూలల్లో తడి మిగిలితే నల్లటి బూజు మచ్చలు పడతాయి, అవి మళ్లీ పోవు.

7. ఇంట్లో ఇప్పటికే పోగైనవి

వాటిని చూసి సిగ్గుపడి ఒకేసారి పారేయకండి. తయారీ ఖర్చు ఎలాగూ అయిపోయింది. చెత్తబుట్ట లోపల తొడిగిన ప్రతి పాత కవరూ ఒక కొత్త చెత్త కవరు కొనుగోలును ఆపుతుంది. కాలిఫోర్నియాలో కవర్లు నిషేధించిన చోట్ల చెత్త సంచుల అమ్మకం పెరిగి, తగ్గిన ప్లాస్టిక్‌లో మూడో వంతుకు దగ్గరగా తిరిగి వచ్చేసిందని తర్వాతి పరిశీలనలో తేలింది. తడి చెత్తకు మాత్రం అసలు కవరే వద్దు, బుట్టను కడుక్కుంటే సరి; మూటగట్టిన తడి చెత్త కంపోస్టు కేంద్రంలో పనికిరాదు.

చిరిగినవాటిని దులిపి, ఆరబెట్టి, ఒకే కవరులో కూరి, కిలో అయ్యాక ప్లాస్టిక్ పొరలు తీసుకునే చోటే ఇవ్వండి. ఒక్కొక్కటిగా రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే చివరికి ఆ ఇరుసులకే చుట్టుకుంటాయి. పొయ్యి రాజేయడానికి, ఆకుల మంటలోకి వేయొద్దు.

8. షాపు దగ్గర, కమిటీలో, పురపాలక కార్యాలయంలో

షాపు నడిపేవాళ్లు చేయగలిగిన పెద్ద పని పైసా ఖర్చు లేనిది: కవర్లను కౌంటరు కిందికి మార్చి, "కవరు కావాలా?" అని అడగడం. అడగకుండా చేతికిస్తే అందరూ తీసుకుంటారు. రెండోది, ధరను బిల్లులో విడి వరసగా చూపించడం. సంచి తెచ్చినవాళ్లకు తగ్గింపు ఇస్తే సరిపోదా అంటే, సరిపోదు. అమెరికాలో వాషింగ్టన్ ప్రాంతంలో ఐదు సెంట్ల పన్నునూ ఐదు సెంట్ల బహుమతినీ పోల్చి చూశారు. పన్ను పడ్డ చోట కవర్ల వాడకం బాగా తగ్గింది, బహుమతి ఇచ్చిన చోట దాదాపు ఏ తేడా లేదు. చేతిలోంచి పోయే ఐదు సెంట్లు, వచ్చే ఐదు సెంట్ల కంటే బరువు.

ఐర్లండ్ 2002 మార్చిలో కవరుకు 15 సెంట్ల సుంకం పెట్టింది. మనిషికి ఏడాదికి 328గా ఉన్న వాడకం 21కి పడిపోయింది. అక్కడ పనిచేసిన ఏర్పాట్లు మీ కాలనీ కమిటీలోనూ అడగదగ్గవి: సుంకం కొనేవాళ్లే కట్టాలి, షాపు భరించకూడదు, వచ్చిన డబ్బు పర్యావరణ నిధికి పోవాలి. వాడకం మళ్లీ కొంచెం పెరగడం మొదలవగానే 2007లో దాన్ని 22 సెంట్లు చేశారు. ధర అలాగే వదిలేస్తే జనం దానికి అలవాటు పడిపోతారు.

కనీస మందం నిబంధన ఒక్కటే పెట్టి వదిలేయడం మాత్రం పెద్దగా ఫలించదు. మందపాటి కవరు గాలికి ఎగరదు, ఏరేవాళ్లకు గిట్టుతుంది, షాపువాళ్లు ఊరికే ఇవ్వడానికి జంకుతారు, అంతవరకు మంచిదే. కానీ జనం దాన్నీ ఒక్కసారే వాడి పారేస్తే ప్లాస్టిక్ బరువు మూడు నాలుగింతలవుతుంది. కాలిఫోర్నియా "మళ్లీ వాడేవి" అంటూ మందపాటి కవర్లకు దారి వదిలి ఈ దెబ్బే తిన్నది. 2024లో చట్టం మార్చి, 2026 నుంచి వాటినీ ఆపేసింది.

పురపాలక కార్యాలయానికి వెళ్లేటప్పుడు నినాదాలు కాదు, మూడు కాగితాలు తీసుకెళ్లండి: ఇరవై అడ్డంకుల జాబితా తేదీలతో, ఇంటికి ఎంత పడుతోందో చూపే లెక్క, పది కవర్ల మందం తూకం. పూడికతీత టెండరు మొత్తం ఎంతో సమాచార హక్కు కింద అడిగి పక్కన రాస్తే ఆ లెక్కను కొట్టిపారేయడం కష్టం.

ఆరు నెలలయ్యాక ఇంట్లో మళ్లీ 28 రోజులు రాయండి, అదే కాగితం మీద, పక్క వరసలో. ఈసారి కొన్న చెత్త కవర్లకు కూడా ఒక వరస పెట్టండి, లేకపోతే తగ్గిందనుకున్నది అటువైపు నుంచి వచ్చి చేరిన సంగతి తెలియదు.